లిఫ్టు లేని రెండో అంతస్తుకి కొత్త మోకాలితో: ఒక కేస్ స్టడీ

చెన్నైలో ఎముకల ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ని నేను. మా దగ్గర మోకాలు మార్పిడికి వచ్చేవాళ్లలో సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు వాళ్లు చాలామంది ఉంటారు. కొడుకో కూతురో ఇక్కడ ఉద్యోగంలో ఉంటారు, పెద్దవాళ్లను రైలెక్కించి తీసుకొస్తారు. అలా వచ్చిన ఒకావిడ కేసు ఇది. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మత్తు డాక్టరుకి కోలుకోవడంతో ఏం పని అని చాలామంది అడుగుతారు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో పెద్దపేగు ఆపరేషన్ల మీద పనిచేస్తూ అందరికీ ఒక ప్రశ్న నేర్పాడు: ఈ పేషెంటు ఈ రోజు ఇంకా ఆస్పత్రిలో ఎందుకు ఉన్నట్టు? కీళ్ల మార్పిడి పేషెంట్ల విషయంలో అదే ప్రశ్న వేసుకుంటే డెన్మార్క్‌లో దొరికిన జవాబులు మూడు: నొప్పి, కళ్లు తిరగడం, నీరసం. ఆ మూడూ మత్తు డాక్టరు చేతిలో చాలావరకు ఉండేవే. తుంటి, మోకాలు మార్పిడులకు, ఆపరేషన్ తరువాత త్వరగా కోలుకునే పద్ధతుల మీద పనిచేసే ఈరాస్ సొసైటీ 2020లో విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వాటిలో కొత్త మందూ లేదు, కొత్త యంత్రమూ లేదు. మనిషిని మంచానికి కట్టేస్తున్నవి ఏమిటో ఒక్కొక్కటిగా వెతికి తీసేయడమే అందులో ఉన్న పని. ఈ కేసులో అలాంటివి సగానికి పైగా ఆపరేషన్ థియేటరు బయటే దొరికాయి.

పేషెంటు

వయసు 66, బరువు 72 కిలోలు. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడిది మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో లోపలి వైపు సందు పూర్తిగా మూసుకుపోయి ఎముక మీద ఎముక ఒరుసుకుంటోంది. నడిస్తే దొడ్డికాళ్లు స్పష్టంగా తెలుస్తున్నాయి. చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఊళ్లో మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి బిళ్లలు ఎన్నాళ్లుగా మింగుతోందో ఆవిడకే లెక్క తెలియదు.

ఆపరేషన్ అయ్యాక ఏం చేయగలిగితే చాలనుకుంటున్నారని నేను అందరినీ అడుగుతాను. కొడుకు వెంటనే "నొప్పి లేకుండా నడిస్తే చాలు మేడమ్" అన్నాడు. ఆవిడ కొడుకు వైపు చూసి, ఆగి, వేరే మాట చెప్పింది.

"రేత్రిపూట బాత్రూముకి పోవాలంటే కోడల్ని లేపాలమ్మా. ఆ బిడ్డ తెల్లారేసరికి డ్యూటీకి పోవాల. ఎవుర్నీ లేపకుండా నా పాటికి నేను పోయొస్తే అదే పదివేలు."

ఫైల్లో "లక్ష్యం" అన్న గడిలో మామూలుగా "నొప్పి తగ్గుట, నడక" అని రాస్తారు. ఈసారి మంచం నుంచి బాత్రూముకి, రాత్రిపూట, ఒంటరిగా అని రాశాం. దాంతో ప్లానంతా మారింది. నొప్పి మందు ఏ వేళకి పడాలి, నిద్రమత్తు తెచ్చే బిళ్ల ఇవ్వవచ్చా, వాకరు ఏ ఎత్తులో ఉండాలి, ఫిజియో ముందు ఏం నేర్పాలి, ఇవన్నీ ఆ ఒక్క లైను చూసుకునే నిర్ణయించాం. రెండో లక్ష్యం కొడుకు ఇంటి నుంచి వచ్చింది. కొళత్తూరులో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

ఆపరేషన్ వాయిదా

వచ్చేటప్పుడే కొడుకు రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించాలని వచ్చాడు. ఒకటే లీవు, ఒకటే అడ్మిషను, ఒకసారే నొప్పి. ఈ లెక్కలో తప్పేమీ లేదు. కొంతమందికి మేమూ రెండూ ఒకేసారి చేస్తాం. కానీ ఆవిడ రక్త పరీక్షలు వేరే కథ చెప్పాయి. హిమోగ్లోబిన్ 9.6. ఫెరిటిన్ 11, అంటే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయి. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బిఏ1సి 8.7. క్రియాటినిన్ 0.9, కిడ్నీలు ఫర్వాలేదు.

ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. మన ఇళ్లలో అమ్మమ్మలకు 9, 10 ఉండటం ఎంత మామూలైపోయిందంటే ఆ కాగితం చూసి ఎవరూ కంగారుపడరు. "ఆపరేషన్‌లో ఓ సీసా రక్తం ఎక్కిద్దాం" అనేస్తారు. దాంతో నాకు పేచీ ఉంది. అంత తక్కువ రక్తంతో మొదలుపెట్టిన మనిషి ఆపరేషన్ రోజు సాయంత్రం నిలబడగానే కళ్లు తిరిగి కూలబడుతుంది. ఎక్కించిన రక్తానికి దాని ప్రమాదాలు దానికి ఉన్నాయి, ఇన్‌ఫెక్షన్ అవకాశం అందులో ఒకటి. కొత్త కీలులో ఇన్‌ఫెక్షన్ చేరిందంటే మళ్లీ కోసి కడగాలి, ఒక్కోసారి పెట్టిన కీలునే తీసేయాలి. షుగరు అదుపు తప్పి ఉంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

66 ఏళ్ల మనిషికి ఇనుము తగ్గిందంటే చాలాసార్లు అది ఎక్కడికో కారిపోతోందని అర్థం. ఎండోస్కోపీ చేయిస్తే కడుపు గోడలో అక్కడక్కడా చిన్న చిన్న పుండ్లు, కడుపులో పుండ్లు చేసే హెచ్. పైలోరి అనే క్రిమి పరీక్ష పాజిటివ్. పెద్దపేగు పరీక్షలో ఏమీ లేదు. మోకాలి నొప్పికి మింగిన బిళ్లలే కడుపులో రక్తాన్ని చుక్క చుక్కగా తీసేస్తూ వచ్చాయన్నమాట. నొప్పి వల్ల బిళ్ల, బిళ్ల వల్ల రక్తహీనత, రక్తహీనత వల్ల నీరసం. ఆ నీరసాన్ని అందరూ మోకాలి ఖాతాలో రాశారు.

హెచ్. పైలోరికి 14 రోజుల కోర్సు, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఇచ్చాం. పాంటోప్రజోల్ వేసుకునేవాళ్లకు ఇనుము బిళ్లలు సరిగా ఒంటబట్టవు, పైగా మలబద్ధకం. అందుకని బిళ్లల జోలికి పోకుండా, రక్తనాళంలోకి ఇచ్చే ఇనుము మందు ఫెరిక్ కార్బాక్సీమాల్టోస్ 1000 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఒకసారి ఎక్కించాం. షుగరు మందులు ఫిజీషియన్ మార్చారు.

వాయిదా అనగానే కొడుకుకి కోపం వచ్చింది, సహజమే. లీవు పెట్టుకున్నాడు, అడ్వాన్సు కట్టాడు, ఊరి నుంచి మేనత్తని కూడా రప్పించాడు. వేరేచోట వచ్చేవారమే చేస్తామన్నారని కూడా అన్నాడు. మోకాలు మార్పిడి అత్యవసర ఆపరేషన్ కాదు, ఎనిమిది వారాలు ఆగితే మోకాలికి పోయేదేమీ లేదు, ఆగకపోతే ఒంటికి పోయేది చాలా ఉందని సర్జనూ నేనూ ఒకే గదిలో, ఒకే మాటగా చెప్పాం. ఇద్దరూ కలిసి చెప్పడం ముఖ్యం. సర్జన్ ఒకటి, మత్తు డాక్టరు ఒకటి చెప్తే ఇంటివాళ్లు తమకి నచ్చింది పట్టుకుపోతారు. రెండు మోకాళ్ల ప్రస్తావన కూడా అక్కడితో ముగిసింది. కుడిది ముందు, ఎడమది తరువాత.

ఆ ఎనిమిది వారాలు

ఆవిడ ఊరికి వెళ్లలేదు, కొళత్తూరులోనే ఉంది. మా ఫిజియోథెరపిస్టు మూడే వ్యాయామాలు ఇచ్చింది. కాలు చాపి తొడ కండరం బిగించి పట్టుకోవడం, కాలు నిటారుగా పైకెత్తడం, చేతుల ఆసరా తగ్గించుకుంటూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చెప్తే చిన్నగా అనిపిస్తుంది కానీ మోకాలు మార్పిడి తరువాత ముందుగా నీరసించేది తొడ ముందు కండరమే. అది బలంగా ఉన్న మనిషి కమోడ్ మీంచి తనంతట తనే లేస్తుంది. వాకరు కూడా అప్పుడే కొనిపించి దాంతో నడిపించాం. ఆపరేషన్ అయ్యాక, నొప్పిలో, మగతలో వాకరు నేర్చుకోవడం కన్నా ముందే నేర్చుకోవడం తేలిక.

ఇంటి వీడియో తీసి పంపమని కోడలికి చెప్పాం. అందులో కనబడినవి: బాత్రూము గుమ్మానికి నాలుగంగుళాల గట్టు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, గోడకి పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం, మోకాలి కన్నా కిందికి ఉన్న నవారు మంచం. గోడకి రెండు స్టీలు పిడులు బిగించారు. మంచం మార్చారు. కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు వేశారు. రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టారు. ఇదంతా వైద్యమేనా అంటే, పేషెంటు రాసిచ్చిన లక్ష్యం బాత్రూము కాబట్టి మా లెక్కలో వైద్యమే.

ఈ రోజుల్లోనే అసలు అడ్డంకి బయటపడింది. మేనత్త, అంటే పేషెంటు ఆడపడుచు, ఊళ్లో అందరికీ పెద్ద దిక్కు. "కోసి ఇనుప కాలు పెట్టినాక నెల దినాలు కదలగూడదు, కదిలితే అతుకు ఊడిపోద్ది" అన్నది ఆవిడ నమ్మకం. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. అది వచ్చిన చోటు నాకు తెలుసు. ఆ ప్రాంతంలో ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు రాసి, బద్దలు పెట్టి గుడ్డతో కట్టి, కదపొద్దని పంపిస్తారు. విరిగిన ఎముక అతకాలంటే కదలకూడదు నిజమే, అల్లోపతిలో సిమెంటు కట్టు వేసేదీ అందుకే. కానీ ఇక్కడ అతకాల్సిన ఎముక లేదు. ఇంప్లాంటును ఎముకకి పట్టించే బోన్ సిమెంటు పావుగంటలోపే గట్టిపడుతుంది, సర్జన్ కుట్లు వేసేలోపే అది బరువు మోయడానికి సిద్ధం. ఆవిడకి ఇదే మాట నమూనా ఇంప్లాంటు చేతికిచ్చి చెప్పాం. తిప్పి చూసింది, వంచి చూసింది, ఏమీ అనలేదు. ఒప్పుకోలేదని తరువాత తెలిసింది.

ఎనిమిదో వారం చివర హిమోగ్లోబిన్ 11.8, హెచ్‌బిఏ1సి 7.5. అనుకున్న 12కి కాస్త తక్కువే, కానీ ఇంకా ఆపాల్సినంత తేడా కాదని ముందుకి వెళ్లాం.

మందుల్లో ఒక మెలిక

ఆవిడ షుగరు బిళ్లల్లో ఒకదానిలో మెట్‌ఫార్మిన్‌తో పాటు డాపాగ్లిఫ్లోజిన్ కలిసి ఉంది. ఇది ఇప్పుడు చాలామంది వాడుతున్న మందు, గుండెకీ కిడ్నీకీ మంచిది కూడా. కానీ ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఆపకుండా కడుపు మాడ్చి ఆపరేషన్ చేస్తే, షుగరు రీడింగు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే పరిస్థితి రావచ్చు, గ్లూకోమీటరు దాన్ని పట్టుకోలేదు. రెండు మందులు కలిసిన బిళ్లల పేర్లు చూస్తే లోపల ఏముందో తెలియదు. అందుకే బిళ్లల అట్టలన్నీ సంచీలో వేసుకుని రమ్మంటాం. కాగితం మీద రాసుకొచ్చిన పేర్లను నేను నమ్మను.

ఆపరేషన్ రోజు

రాత్రి పన్నెండు నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న పాత అలవాటు వార్డుల్లో ఇంకా పోలేదు. ఘనాహారానికి ఆరు గంటలు, నీళ్లలాంటి పలచని ద్రవాలకు రెండు గంటలు, నియమం అంతే. ఆవిడ పొద్దున ఐదున్నరకి ఒక గ్లాసు నీళ్లు తాగింది. కాఫీ అడిగింది. పాలు కలిస్తే ఆరు గంటల లెక్కలోకి వస్తుంది, డికాక్షన్ ఒక్కటీ ఇస్తానంటే మొహం చిట్లించి వద్దంది. షుగరున్న మనిషి కాబట్టి తీపి పానీయాలు ఇవ్వలేదు.

ఎనిమిదింటికి మొదటి కేసు. వెన్నులో తక్కువ మోతాదు బుపివకైన్ అనే మత్తు మందు, అందులో మార్ఫిన్ కలపలేదు. కలిపితే మొదటి రాత్రి నొప్పి బాగా తగ్గుతుంది, కానీ దురద, వాంతులు, మూత్రం ఆగడం వెంట వస్తాయి. మూత్రం ఆగితే గొట్టం వేస్తారు, గొట్టం వేస్తే బాత్రూముకి నడవాల్సిన పని ఉండదు, నడవకపోతే మన ప్లానే లేదు. తరువాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తొడ మధ్యలో, అడక్టర్ కెనాల్ దగ్గర నరానికి రోపివకైన్ అనే తిమ్మిరి మందుతో బ్లాక్, అంటే ఆ నరం నొప్పిని మోయకుండా ఆపే ఇంజెక్షన్, ఇచ్చాను. ఇంతకు ముందు గజ్జ దగ్గర ఫెమొరల్ బ్లాక్ ఇచ్చేవాళ్లం. నొప్పి తగ్గేది కానీ తొడ కండరం కూడా పడిపోయేది, నిలబడితే మోకాలు ముడుచుకుపోయి పడేవాళ్లు. అడక్టర్ కెనాల్‌లో ఇస్తే నొప్పి తగ్గుతుంది, కండరానికి బలం చాలావరకు మిగులుతుంది. ఇంప్లాంటు పెడుతూ సర్జన్ కీలు చుట్టూ కూడా రోపివకైనే ఎక్కించారు. రెండు చోట్ల కలిపి 190 మిల్లీగ్రాములు. ఆవిడ బరువుకి దాటకూడని హద్దు దాదాపు 215. ఎవరి సిరంజి వాళ్లు నింపుకునే థియేటర్లలో ఈ కూడిక ఎవరూ వేయరు. బోర్డు మీద రాసి పెట్టుకోవడం మేలు.

కోత పెట్టేముందు యాంటీబయాటిక్, రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము ఇచ్చాం. ఈ ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని జపాన్‌లో ఒకామోటో దంపతులు 1960లలో కనిపెట్టారు. చవకైన ఇంజెక్షన్. మోకాలు మార్పిడిలో రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని బాగా తగ్గించింది ఇదే. గాయంలోని రక్తం బయటికి లాగే డ్రెయిన్ గొట్టం పెట్టలేదు, మూత్రం గొట్టం వేయలేదు. వాంతులకీ వాపుకీ డెక్సామెథాసోన్ ఇవ్వాలా అన్నది కాసేపు ఆలోచించాను. షుగరు పెంచుతుంది, ఇవ్వకపోతే వికారంతో మనిషి తిండి ముట్టదు. 8 బదులు 4 మిల్లీగ్రాములు ఇచ్చాను. సాయంత్రానికి షుగరు 236కి వెళ్లింది, ఇన్సులిన్‌తో మర్నాటికి 170కి దిగింది. వికారం రాలేదు. మళ్లీ అయినా అలాగే చేస్తాను.

మొదటిసారి నిలబడటం

తొమ్మిదిన్నరకి ఆపరేషన్ అయిపోయింది. పదకొండున్నరకి ఇడ్లీ తింది. రెండున్నరకల్లా కాలు నిటారుగా ఎత్తగలిగింది, స్పర్శ తెలుస్తోంది. మంచం అంచున కూర్చోబెట్టాం. పడుకున్నప్పుడు 128 ఉన్న పై బీపీ 92కి పడింది, చెమట పట్టింది, "కళ్లు బైర్లు కమ్మతండయి" అంది. మళ్లీ పడుకోబెట్టాం.

కొడుకు మొహంలో భయం, మేనత్త మొహంలో "చెప్పానా" అన్న భావం. ఇక్కడ చాలా చోట్ల జరిగేది ఏమిటంటే "ఈ రోజుకి చాలు, రేపు చూద్దాం" అని రాసేస్తారు. ఆ రేపు వచ్చేసరికి రాత్రంతా పడుకున్న ఒళ్లు ఇంకా బరువెక్కుతుంది. కూర్చుంటే బీపీ పడటం మొదటి రోజు మామూలే. అది ఆగమని చెప్పే గుర్తు కాదు, ఇంకాస్త నెమ్మదిగా రమ్మని చెప్పే గుర్తు. గాయం పొడిగా ఉంది, గుండె వేగం సరిగా ఉంది, రక్తం పోతున్న లక్షణం లేదని చూసుకున్నాక, ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు, పెరుగన్నం పెట్టించాం. మంచం తల వైపు కొంచెం కొంచెంగా ఎత్తుతూ అరగంట కూర్చోబెట్టాం.

ఆలోగా సిస్టరు వచ్చి మూత్రం ఇంకా పోలేదు, గొట్టం వేయమంటారా అని అడిగింది. స్కానులో 420 మిల్లీలీటర్లు ఉంది. పడుకుని బెడ్‌పాన్‌లో పోవడం ఆవిడ వల్ల కావడం లేదు, పక్కన మనుషులుంటే ఎవరి వల్లా కాదు. ఆరింటికి మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి బీపీ 114. వాకరు పట్టుకుని, ఫిజియో ఒక పక్క, కోడలు ఒక పక్క ఉండగా పన్నెండు అడుగుల దూరంలో ఉన్న బాత్రూముకి నడిచి, తలుపు వేసుకుని కూర్చుంది. గొట్టం అవసరం లేకపోయింది.

రాత్రి రెండు గంటలు

పగలంతా నొప్పి ఏదమ్మా అంటే నవ్వింది. అర్ధరాత్రి దాటాక బ్లాక్ దిగిపోయింది. రెండింటికి ఏడ్చింది. ఇలా ఒక్కసారిగా తిరగబడే నొప్పి గురించి ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఇంటివాళ్లు ఆపరేషన్ చెడిపోయిందని అనుకోలేదు. కానీ చార్టు చూస్తే పది గంటలకి పడాల్సిన పారాసిటమాల్ పడలేదు. నిద్రపోతోంది కదా, లేపడం ఎందుకని ఆపారు. ఈ జాలి చాలా వార్డుల్లో చూశాను, ఇది తప్పు జాలి. క్రమం తప్పకుండా పడే పారాసిటమాల్ 1 గ్రాము, సెలెకాక్సిబ్ అనే నొప్పి బిళ్ల కలిసి చేసే పని, నొప్పి ముదిరాక ఇచ్చే ఏ పెద్ద మందూ చేయలేదు. ఆ రాత్రి టాపెంటడాల్ అనే గట్టి నొప్పి మందు 50 మిల్లీగ్రాములు ఒకసారి ఇచ్చి, మోకాలి మీద ఐసు ప్యాకు పెట్టాక నాలుగింటికి కునుకు పట్టింది.

నొప్పి ఎంత అని అడిగే పద్ధతి గురించి ఒక మాట. తమిళ సిస్టర్లు, తెలుగు పేషెంట్లు, మధ్యలో సున్నా నుంచి పది దాకా అంకెలు. పడుకున్న మనిషిని అడిగితే "రెండు" అంటుంది, అలాగే రాసుకుంటారు. నాకు కావాల్సింది లేచి నాలుగు అడుగులు వేసినప్పటి అంకె. అది ఐదు దాటితే మందు మార్చాలి. పడుకున్నప్పటి అంకెని బట్టి మందిస్తే మనిషి హాయిగా పడుకునే ఉంటుంది.

నొప్పి బిళ్లలతోనే కడుపు పాడైన మనిషికి మళ్లీ సెలెకాక్సిబ్ ఎందుకిచ్చారని చదివేవాళ్లకు అనిపించవచ్చు. హెచ్. పైలోరి పోయిందని పరీక్షలో తేలింది, పాంటోప్రజోల్ నడుస్తోంది, కిడ్నీ బాగుంది, ఇచ్చింది ఐదు రోజులే. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చాలామందికి ఇచ్చే ఆస్పిరిన్‌ని మాత్రం కడుపు దృష్ట్యా వద్దనుకుని, అపిక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 12 రోజులు ఇచ్చాం.

దిండు, పప్పు

మర్నాడు పొద్దున ఫిజియో వెళ్లేసరికి మోకాలి కింద మెత్తటి దిండు. మేనత్త పెట్టింది. దిండు ఉంటే నిజంగానే సుఖంగా ఉంటుంది, అక్కడే వస్తుంది చిక్కు. మోకాలు కొద్దిగా వంగిన స్థితిలో వారం ఉంటే ఇక పూర్తిగా చాపుకోదు. చాపుకోని మోకాలితో నడిస్తే తొడ కండరం ఎప్పుడూ బిగిసే ఉండాలి, నాలుగడుగులకే అలసట. వంగడం గురించి అందరూ అడుగుతారు, చాపుకోవడం గురించి ఎవరూ అడగరు. దిండు తీసి మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టింది ఫిజియో. మధ్యాహ్నానికి దిండు మళ్లీ మోకాలి కిందికి వచ్చింది. సాయంత్రం మళ్లీ తీసింది. ఈ యుద్ధం డిశ్చార్జి దాకా నడిచింది.

పథ్యం మీద ఇంకో యుద్ధం. పప్పు తింటే చీము పడుతుంది, పెరుగు తింటే నెమ్ము, గుడ్డు వేడి, వంకాయ దురద. చివరికి మిగిలేది కారప్పొడి అన్నం, ఇడ్లీ. కుట్లు మానడానికీ తొడ కండరం కరగకుండా ఉండటానికీ ఈ సమయంలో కిలో బరువుకి రోజుకి 1.2 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. ఆవిడకి 85 గ్రాములు. రెండిడ్లీల్లో నాలుగైదు గ్రాములకు మించి ఉండదు. చీముకి కారణం పప్పు కాదు, క్రిములు, అదుపు తప్పిన షుగరు అని ఎంత చెప్పినా మేనత్త వినలేదు. చివరికి డైటీషియన్ ఒక దారి కనిపెట్టింది: పప్పు పేరెత్తకుండా పెసరట్టు, సెనగలు, చేపల పులుసు, మజ్జిగ. పెసరట్టుకి అభ్యంతరం రాలేదు. చేపలకి నెల్లూరు మనిషి ఎలా అడ్డం చెప్తుంది?

మర్నాటి హిమోగ్లోబిన్ 10.4. రక్తం ఎక్కించలేదు. మొదలే 9.6తో వెళ్లి ఉంటే ఈ రోజు 8 దగ్గర ఉండేదని కొడుకుకి కాగితం మీద లెక్క వేసి చూపించాను.

మెట్లు, డిశ్చార్జి

ఇంటికి ఎప్పుడు పంపాలన్నది రోజులని బట్టి కాకుండా పనులని బట్టి చూస్తాం. మంచం మీంచి తనే దిగాలి, వాకరుతో బాత్రూముకి వెళ్లి రావాలి, బిళ్లలతోనే నొప్పి ఆగాలి, తిండి తినాలి, గాయం పొడిగా ఉండాలి, ఇంట్లో ఒక మనిషి ఉండాలి. సోమవారం ఆపరేషన్ అయితే బుధవారం మధ్యాహ్నానికి ఇవన్నీ అయిపోయాయి, మెట్లు తప్ప. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. బుధవారం సాయంత్రం నాలుగు మెట్లు ఎక్కి దిగలేకపోయింది, ఎడమ మోకాలు కూడా అరిగిందే కదా, "బాగున్న కాలు" అన్నది పేరుకే. ఒక రోజు ఉంచుకుని, గురువారం పొద్దున రెయిలింగు, చేతికర్రతో మొత్తం ఒక అంతస్తు ఎక్కించాక పంపాం. రెండంతస్తుల మధ్య లాండింగులో కుర్చీ వేయించమని కొడుక్కి ముందే చెప్పాం.

తొందరగా పంపితే డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టాక, రోజులతో పాటు పెరిగేది గది, నర్సింగు ఖర్చే. మిగులుతుంది. కానీ మెట్లు ఎక్కలేని మనిషిని రెండో అంతస్తుకి కుర్చీలో మోసుకెళ్లేలా పంపితే మిగిలిందేమీ ఉండదు.

ఇంట్లో

ఐదో రోజు కోడలు వాట్సాప్‌లో ఫొటో పంపింది. తొడ వెనక, పిక్క దాకా నల్లగా నీలంగా కమిలిన మచ్చలు. ఆపరేషన్‌లో పేరుకున్న రక్తం కిందికి దిగితే ఇలాగే కనిపిస్తుంది, అయినా పిక్క బిగుసుగా ఉందంది కాబట్టి వచ్చి డాప్లర్, అంటే కాలి రక్తనాళాల స్కాను, చేయించుకోమన్నాం. గడ్డలేమీ లేవు. పిక్కలో కొత్త నొప్పి, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, గాయం నుంచి ఆగకుండా తడి, ఈ నాలుగింటిలో ఏదొచ్చినా ఫోనులో సలహా అడక్కుండా రమ్మని చెప్పి పంపుతాం.

రెండు వారాలకి గాయానికి వేసిన పిన్నులు తీశాం. మోకాలు 90 డిగ్రీలు వంగింది, చాపడంలో 5 డిగ్రీలు తక్కువ. దిండు పుణ్యమే. ఫిజియో మరింత గట్టిగా పట్టుకున్నాక ఆరు వారాలకి 110 డిగ్రీలు వంగింది, పూర్తిగా చాపుకుంది. చేతికర్రతో నడుస్తోంది. రాత్రి బాత్రూముకి ఒక్కతే వెళ్లడం పదో రోజు నుంచే మొదలుపెట్టిందని, ఆ సంగతి తనకు రెండు రోజుల తరువాతగానీ తెలియలేదని కోడలు చెప్పింది. ఊళ్లో ఇంటికి వెళ్లేముందు కొడుకు అక్కడ కూడా కమోడ్ పెట్టించాడు. నేల మీద కూర్చోవద్దన్నాం. పీట మీద కూర్చుంటానని బేరం ఆడింది, ఒప్పుకోలేదు.

ఎడమ మోకాలికి ఆవిడే తేదీ అడిగింది. మళ్లీ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూశాకే చెప్తామన్నాం. ఈసారి మార్చేవి మూడు. రాత్రి పది గంటల, తెల్లవారుజామున నాలుగు గంటల మాత్రలు నిద్రలోంచి లేపైనా వేయాలని చార్టు మీద ఎర్ర ఇంకుతో రాస్తాం. వ్యాయామాల కాగితం పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించాం, దిండు ఎక్కడ పెట్టకూడదో బొమ్మతో సహా. ఆపరేషన్‌కి ముందు జరిగే క్లాసుకి ఆడపడుచును కూడా తీసుకురమ్మని కొడుకుతో కబురు పెట్టాం.